పాకపత్రములు – సర్వజన సుబోధత

(ఎర్రమంజిలునందు సమావేశమైన మన సంఘ వార్షిక మహాసభలో నొసగిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ప్రసంగించిన యీ వేదికమీద వంటను గూర్చి మాటలాడుటకు నన్ను నియమించిరి. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు సంధులును సమాసములును జెప్పిన వానికి గరిటెతో నేమి పనియని కొందరు లోలోన నవ్వుకొనుచుండవచ్చును. నాకు జిక్కిన విషయము వంట కాదు, వంటను గూర్చిన వ్రాత. అది నా వృత్తిలోనిదే.

సంచికాసంఘము వారు కొన్ని మాసములుగా మన కుటుంబముల స్త్రీలవలన పాకవిధానములను వ్రాతమూలముగా సేకరించుచున్నారు. అట్లు వ్రాసిన కాగితమును సౌలభ్యమునకై పాకపత్రమనెదను. ఆ పత్రముల కట్టను నా చేతికిచ్చి, అచ్చునకు దగినట్లు సవరింపుమనిరి. అన్నియు జదివితిని. రుచులకు గొఱత లేదు. అరిసెలు, సకినాలు, సర్వపిండి, పచ్చిపులుసు, పనసపొట్టుకూర, ఉలవచారు మొదలుగా మూడు సీమల వంటకములు నందు గలవు. కాని పెక్కు పత్రములు వ్రాసిన తల్లి ప్రక్కన నిలిచి చెప్పినగాని పనికిరానివి. నేడు నేను మనవి చేయునది యొక్కటే. వ్రాసినామె నెన్నడును జూడనివారు, ఆమె వంటయింట నడుగిడనివారు, చదివియో వినియో ఆ పదార్థమును జేయగలిగినప్పుడే ఆ పత్రము మన సంచికలో నచ్చొత్తదగినది.

ఇందు దొందర యేమనిన, పత్రములు పంపిన తల్లులలో నెనుబదియేండ్లు దాటినవారును గలరు. "తగినంత" యనగా నెంతయని వారి నడుగుటకు నేడు వీలున్నది. పదియేండ్లకు మనకు మిగులునది కాగితము మాత్రమే.

ఈ సంచికను జదువబోవు వారెవరో మొదట తలపోయుదము. ఇచ్చటికి గూతవేటు దూరముననున్న అమీరుపేటలో కంప్యూటరు చదువులకై వచ్చి, వసతిగృహములలోను అద్దెగదులలోను నుండు యువకులు పలుజిల్లాలవారు. వారిలో మన పిల్లలును గలరు. గదికొక పొయ్యి, ఒక కుక్కరు, ఒక మూకుడు. ఆకలి వేళ తల్లికి ఫోను చేసి యడుగుదురు. ఆమె "కాస్త వేయుము, సరిపడ నీరు పోయుము, కమ్మని వాసన వచ్చిన దింపుము" అని చెప్పును. అప్పటికా బాలునకు దెలిసినది పొయ్యి వెలిగించుట యొక్కటే. ఇక షోలాపురము, భివండి, సూరతు మొదలగు పట్టణములలో తరతరములుగా నున్న తెలుగువారి బిడ్డలు ఇంట తెలుగు మాటలాడుదురు గాని, బడిలో నేర్చినది నాగరియో గుజరాతీ లిపియో. అమెరికాలోను ఆస్ట్రేలియాలోను బుట్టిన మనుమలకు మన మాట కొంత తెలియును, మన యక్షరము బొత్తిగా దెలియదు. వీరందఱును మనవారే. ఎవ్వరికొఱకు సంచిక వేయుచున్నామో వారే చదువలేని సంచికను వేయుట ధనవ్యయమని పోషకులు గ్రహింతురు గాక.

మనము గూడిన యీ తావు పేరునందే మాట చిక్కు గలదు. నవాబు ఫఖ్రుల్ ముల్కు గారు ఈ గుట్టమీద గట్టించిన సౌధమునకు ఇరం మంజిలని పేరు. ఇరమనగా పారసీకుల వాడుకలో స్వర్గతుల్యమైన యుద్యానము. గుట్టనో, తెలుగువారు ఎఱ్ఱగడ్డ యనుచుండిరి. పారసీకము నెఱిగినవాడు స్వర్గమని వినెను, తెలుగువాడు ఎఱుపని వినెను. ఇరువురును ఒకే ద్వారమునకు జేరిరి. 2018 సెప్టెంబరులో నీ మార్గమున మెట్రో రైలు నడువనారంభించినప్పుడు స్టేషనుకు నిలిచినది తెలుగు చెవికి దోచిన రూపమే. స్థలనామమున నిట్టి ద్వ్యర్థము ముచ్చట గొల్పును. వంటలో నది మేలు చేయదు.

ఉత్తర తెలంగాణము నుండి వచ్చిన యొక పత్రమున పుంటికూర యని యున్నది. గుంటూరు గృహిణి దానిని జదివి, ఈ యాకు మాకు దొరకదని పుట త్రిప్పును. ఆమె పెరటిలో గోంగూర పెరుగుచునే యుండును. రెండును నొకటేయని చెప్పువారు లేరు. పల్లీలు, వేరుసెనగలు, బుడ్డలు ఒక్క గింజకే పేళ్లు. సొరకాయయు ఆనపకాయయు నొకటే. ఆలుగడ్డయు బంగాళాదుంపయు నొకటే. ఇచ్చట ఎల్లిగడ్డ యనునది తీరమున వెల్లుల్లి, రాయలసీమలో తెల్లగడ్డ. ఉల్లిగడ్డ యచ్చటికి బోయి ఎఱ్ఱగడ్డ యగును. మన సౌధపు గుట్ట పేరే యుల్లికి వచ్చినందున, ఆ సీమవారు స్టేషనులో దిగునప్పుడేమి తలంతురో! పోపు, తాళింపు, తిరగమోత యనునవి ఒకే పనికి మూడు మాటలు. తెలంగాణమున తొక్కు అనిన రోటిలో దంచిన పచ్చడి. ఇతరులకు తొక్కు అనిన కాయమీది చర్మము. "మామిడికాయ తొక్కు" అని చదివి, కొత్తకోడలు కాయ కండను విడిచి చర్మమును గిన్నెలో నిడినను ఆమెను దప్పుపట్టజాలము.

దీనికి మందుగా కొందరు మిత్రులు, పేళ్లన్నిటిని ఒక్క శిష్టరూపమునకు మార్చివేయుమని నాకు సలహా యిచ్చిరి. అది నాకు సమ్మతము గాదు. పుంటికూర యని వ్రాసిన తల్లి నోటిమాటను గొట్టివేసి గోంగూర యని దిద్దుటకు మనమెవ్వరము? ఆమె మాట ముందుండవలెను, ఇతరుల మాట వెంట రావలెను. "పుంటికూర, అనగా గోంగూర" అని వ్రాసిన నెవ్వరికిని లోపము లేదు. సంచిక చివర, ఒక్క వస్తువునకు గల పేళ్లన్నియు నొక్కచో గూర్చిన చిన్న నిఘంటువును జేర్పవచ్చును. అమరసింహుడు చేసిన పనియు నిదియే గదా. ఆయన దేవతల పేళ్లు కూర్చెను, మనము దినుసుల పేళ్లు కూర్చుదము.

ఇక కొలతలు. వ్రాతలో మిక్కిలి చిక్కు తెచ్చునవి యివియే. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచము. ఈ లెక్క పెద్దలకు గంఠస్థము. సోల మాత్రమంతట నొకటి గాదు, సీమసీమకు మారుచుండెను. తూకములోను నట్లే. తీరాంధ్రమున వీశె 120 తులములు, హైదరాబాదు రాజ్యమున సేరు 80 తులములు. తులము సుమారు 11.66 గ్రాములు గనుక వీశె 1,400 గ్రాములు, సేరు 933 గ్రాములు నగును. 1956 నవంబరులో తెలంగాణము ఆంధ్రముతో గలిసెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే తూకములు కొలతల ప్రమాణ చట్టము పుట్టెను. 1958 అక్టోబరు 1 నుండి కిలోగ్రాము అంచెలంచెలుగా అంగడిలోనికి వచ్చెను. 2014లో రాష్ట్రము మరల రెండయ్యెను, కిలో మాత్రము రెండు కాలేదు. అంగడిని గిలో గెలిచినను, వంటయింట సోలయు గిద్దెయు నేటికిని నిలిచియున్నవి.

విదేశములకు బోయిన పిల్లలు కప్పు లెక్కన జేయుదురు. కప్పు మాత్రము స్థిరమా? అమెరికా కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియా కప్పు 250, అన్నము వండు విద్యుత్పాత్రతో వచ్చు చిన్నకప్పు సాధారణముగా 180. పెద్దచెంచా పలుదేశములలో 15 మిల్లీలీటర్లుండగా ఆస్ట్రేలియాలో 20. అక్క షికాగోలోను చెల్లెలు సిడ్నీలోను నుండి ఒక్క పత్రమును జూచియే బొబ్బట్లు చేసినను రెండు విధములైన బొబ్బట్లు రావచ్చును. అప్పుడు తల్లి వ్రాతను నిందింతురు.

పూర్వపు లెక్కలలో భిన్నములకు వేఱు గుర్తులుండెడివి. నాలుగవ వంతు, పదునాఱవ వంతు, అఱువదినాలుగవ వంతు నిట్లు నాలుగింటి మెట్లుగా దిగుచు, ఒక మెట్టునకు నిలువుగీతలు, మఱు మెట్టునకు అడ్డగీతలు వ్రాసెడివారు. ఆ గీతలను నేడు చదువగలవారు మిక్కిలి యరుదు. పరక, వీసము, కాని యను మాటలును అట్లే జారిపోయినవి. ఒక పత్రమున "వీసమెత్తు ఇంగువ" యని కనబడెను. మాట యెంత సొగసైనదో చూడుడు. దానిని దీసివేయరాదు. ప్రక్కన "కందిగింజంత" యని చేర్చిన జాలును.

ఈ విషయమున మన వైద్యశాస్త్రకారులు చూపిన మార్గము నాకు మిగుల నచ్చినది. శార్ఙ్గధరుడు తన సంహితను రోగములతో మొదలిడలేదు. మొదటి యధ్యాయముననే పరిభాషను జెప్పి, అందు గొలతలను నిర్ణయించెను. మాగధమానము, కాలింగమానము నను రెండు పద్ధతులు దేశమున నుండుట నెఱిగి రెండింటిని దెలిపెను. పొడిద్రవ్యమునకును ద్రవమునకును కొలత యెట్లు మారునో ఆ శాస్త్రము నియమించినది. చదువరి వేఱుసీమవాడు గావచ్చునను తలంపు ఆయనకు గలదు. మన సంచికయు నట్లే పరిభాషతో మొదలు గావలెను. ప్రతి కుటుంబమువారు తమ యింటి సోలను గాని గ్లాసును గాని యొక్కసారి నీటితో నింపి కొలిచి, ఎన్ని మిల్లీలీటర్లు పట్టునో వ్రాసి పంపిన జాలును. పత్రమున సోలయే యుండును, దాని ప్రక్కన నంకె యుండును. ఇది యొక పూట పని.

ఉప్పు విషయమున నీ జాగ్రత్త మఱింత యవసరము. ఆవకాయ పత్రములు మా కట్టలో బెక్కులు. అన్నిటను ఉప్పు కొలత గలదు. ఒక్కదానను అది కల్లుప్పా, దంచిన యుప్పా, అంగడి సంచిలోని మెత్తని యుప్పా యను మాట లేదు. కల్లుప్పు పలుకుల నడుమ గాలి యుండును గనుక సోలకు దక్కువ తూగును. మెత్తని యుప్పు అదే సోలకు మిక్కిలి తూగును. కల్లుప్పునకు జెప్పిన కొలతను మెత్తని యుప్పునకు వాడిన జాడీ యంతయు నోట బెట్టరానిదగును. దానికి వెఱచి చేయి వెనుకకు దీసిన ఉప్పు చాలక బూజు పట్టును. ఏడాదికొకసారి పెట్టు పచ్చడి గనుక ఆ తప్పు దిద్దుకొనుటకు మరుసటి వేసవి రావలెను. గ్రాములలో జెప్పిన ఈ చిక్కు లేదు. రక్తపుపోటు గలవారు ఎంత యుప్పు తినుచున్నారో తెలిసికొనుటకును అంకెయే యాధారము.

కొలతకు లొంగనిది పాకము. ఇచ్చట నంకె చాలదు, లక్షణము గావలెను. "పాకము వచ్చువరకు కాచవలెను" అని యరిసెల పత్రములన్నిటను గలదు. వచ్చిన దెట్లు తెలియును? మరల శార్ఙ్గధరుని జూడుడు. లేహ్యపాకము సిద్ధమైనదనుటకు ఆయన, తీగ సాగుట, నీటిలో వేసిన మునిగి చెదరక నిలుచుట, వ్రేలితో నొక్కిన ముద్ర పడుట, తగిన వాసనయు రంగును రుచియు బుట్టుట యను గుర్తులను జెప్పెను. తైలపాకమున ఔషధపు ముద్ద వ్రేళ్లనడుమ వత్తివలె నలుగుటయు, నిప్పులో వేసిన జిటపట చప్పుడు లేకుండుటయు, తైలమైన నురుగు పుట్టుటయు, నేయియైన నురుగణగుటయు చెప్పబడినవి. చూపునకు, స్పర్శకు, చెవికి, ముక్కునకు, నాలుకకు వేర్వేఱు గుర్తులున్నవి. ఒక యింద్రియము కొఱవడినను మఱియొకటి సాక్ష్యమిచ్చును.

ఇది యెంత దూరదృష్టియో చెప్పెదను. "బంగారురంగు వచ్చువరకు వేయింపుము" అని మాత్రమే వ్రాసిన, చూపులేని తల్లికి ఆ పత్రము మూతపడినట్లే. అన్నివిధముల జక్కగ వంట చేయగల అంధస్త్రీలు మన కుటుంబములలోను గలరు. ఆవాలు చిటపటలాడి యా చప్పుడు సన్నగిల్లుట, ఉల్లి పచ్చివాసన పోయి తీపివాసన వచ్చుట, గరిటెకు పిండి బరువు తగులుట వారికి మనకంటె బాగుగ దెలియును. పత్రమున నా మాట వ్రాసిన వారికిని, పొగలో కళ్లద్దములు మసకబారిన నాబోటి ముసలివారికిని, దీపము చాలని వంటయింటివారికిని గూడ నుపకరించును. అరిసెల పాకమును చన్నీటి గిన్నెలో నొక చుక్క వేసి వ్రేళ్లతో జేర్చిన మెత్తని యుండ కట్టవలెను. ఇది కన్నులు మూసికొని చేయదగిన పరీక్ష.

ఈ సందర్భముననే సంచికాసంఘము వారికొక మనవి. చేతివ్రాత కాగితమునకు ఫోనుతో ఫొటో తీసి పంపుట నేడు వాడుక. చూపులేనివారి ఫోను అక్షరములను బైకి జదివి వినిపించును. కాని యక్షరముల ఫొటో దానికి తఱచుగా బొమ్మయే. చేతివ్రాతయైన దాని కింకను జిక్కు. కావున ఫొటోతోపాటు అక్షరములుగా గూర్చిన ప్రతియు నుండవలెను. బొమ్మ వేసిన, అందేమి యున్నదో రెండు వాక్యములలో క్రింద జెప్పవలెను. గడచిన కాలమున గొన్ని సంచికలలో పసుపుపచ్చని పుటమీద లేతయెఱుపు అక్షరములు వేసి అలంకారమనిరి. చదువలేక పోయితిమి. మన లిపికి ఒత్తులు, గుణింతములు, క్రిందను మీదను గలవు గనుక చిన్నయచ్చు మనకు బొత్తిగా బనికిరాదు. తెల్లని పుటమీద నల్లని పెద్దయక్షరమును మించిన యలంకారము వంటపుస్తకమునకు లేదు. కారపు వంటకమునకు ఎఱ్ఱచుక్క, చప్పని దానికి పచ్చచుక్క వేయుదమని యొక యువకుడు చెప్పెను. ఎఱుపు పచ్చల భేదము తోచని పురుషులు మనలో గొందరుందురు. చుక్క ప్రక్కన "కారము" అను మూడక్షరములు వ్రాసిన నేమి వ్యయము? 1951లో మన దేశభాషలకెల్ల నొక్క పద్ధతిగా భారతీ బ్రెయిలీ యేర్పడినది. పోషకులలో నొకరు పూనుకొనిన, కొన్ని ప్రతులనైన నా లిపిలో వేయింపవచ్చును. తెలుగక్షరము రాని మనుమలకొఱకు, వ్రాసిన తల్లిచేతనే పత్రమును జదివించి ధ్వనిగా భద్రపఱచుట మఱింత సులభము. ఆమె గొంతుకయు నిలుచును.

ఇప్పుడు వాక్యమును గూర్చి. తర్కసంగ్రహకర్త పేరునందే అన్నము గలదు గనుక వంటకు నాయనను సాక్షిగా బిలుచుట తగును. అన్నంభట్టు వాక్యార్థజ్ఞానమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యని మూడింటిని హేతువులుగా జెప్పెను. ఒక పదము మఱియొక పదమును గోరుట ఆకాంక్ష. పొసగుట యోగ్యత. అగ్నితో దడుపుమనిన పొసగదు. పదములు వెంటవెంట నుండుట సన్నిధి. మా కట్టలోని యొక పత్రమును ఈ మూడింటితో బరీక్షింతము. "పప్పు, పుంటికూర ఉడికించి, ఉప్పు కారము వేసి, పోపు పెట్టవలెను." ఇంతే పత్రము.

ఏ పప్పు? ఆకాంక్ష తీరలేదు. ఎంత నీరు? పోపులో నేమేమి? అన్నియు గోరికలే. సూత్రములలో వెనుకటి పదము ముందునకు వచ్చు అనువృత్తి యని యొకటి గలదు. ఈ తల్లి పత్రమున నలువదియేండ్ల వంట యనువృత్తిగా వచ్చుచున్నది. అది యామెకు వినబడును, మనకు వినబడదు. ఇక "పప్పు, పుంటికూర" అని చేర్చి వ్రాయుటవలన రెండును నొక్కమారే వేయవలెనని చదువరి గ్రహించును. అట్లు చేసిన పప్పు గంటసేపటికిని గట్టిగ నుండును. పులుపు తగిలిన పప్పు త్వరగా మెత్తబడదు. ఈ విషయము ప్రతి యవ్వకును దెలియును గనుకనే యెవ్వరును వ్రాయలేదు. అందఱికి దెలిసినదని వ్రాయక విడిచిన మాటయే మొట్టమొదట నశించునది.

ఆ పత్రమును ఆ తల్లి నడిగి యిట్లు పూరించితిని. నలుగురికి గందిపప్పు 200 గ్రాములు. కడిగి, పావుచెంచా పసుపుతో, 700 మిల్లీలీటర్ల నీటిలో ముందుగా నుడికింపవలెను. ఒక పలుకును వ్రేళ్లనడుమ నలిపిన లోపల గట్టి తగులకుండ మెత్తబడవలెను. కుక్కరైన కూతలు లెక్కింపవచ్చును గాని, కుక్కరు పరిమాణమును మంటయు బట్టి కూత మారును గనుక ఈ పరీక్ష విడువరాదు. పప్పు మెత్తబడిన పిమ్మటనే, తొడిమలు దీసి కడిగిన పుంటికూర, అనగా గోంగూర, ఆకు 150 గ్రాములును, చీల్చిన పచ్చిమిరపకాయలు ఆఱును వేయవలెను. ఆకుపచ్చ పోయి యాకు మసకబారును. గరిటెతో రుద్దిన నలిగి పప్పులో గలియును. అప్పుడు మెత్తని యుప్పు ఒకటిన్నర చిన్నచెంచాలు. వేఱు మూకుటిలో రెండు పెద్దచెంచాల నూనె కాచి, ఆవాలు, జీలకఱ్ఱ చెరి యరచెంచా, ఎండుమిరపకాయలు మూడు, నలిపిన వెల్లుల్లి రెబ్బలు ఆఱు, కరివేపాకు వరుసగా వేసి, ఆవాల చప్పుడణగి వెల్లుల్లి కమ్మనివాసన రాగానే పప్పులో గలుపవలెను. ఆకు పులుపు ఋతువును బట్టి హెచ్చుతగ్గులగును గనుక, ఉప్పు కారము చివర నొకమారు రుచి చూడవలెను.

చదివి వినిపింపగా నా తల్లి నవ్వి, ఇంత వ్రాసిన నిక జేతి యందాజునకు దావేది యనెను. అందాజు మన హైదరాబాదు మాట, చక్కని మాట. అందాజు గలవారికి పత్రము గొలుసు గాదు. వారు రెండుసార్లు చదివి తమ చేతివాటమున జేసికొందురు. అందాజు లేనివానికి మాత్రమది చేతికఱ్ఱ. ఒక్కమాటు సరిగ వచ్చిన పిమ్మట వాడును గఱ్ఱ విడుచును. చాదస్తముగా ననవసర విషయములను జొప్పించుట గూడ నాకు దెలియనిది గాదు. ఒక పత్రమున వంటకంటె ముందు రెండు పుటల వంశచరిత్ర గలదు. అది మిక్కిలి రమ్యముగ నున్నది. దానిని వంట క్రిందికి దింపితిమి. చేతికి పిండి యంటినవాడు పుటలు త్రిప్పి వెదకజాలడు.

ఈ పరిశ్రమ మనకు గొత్త గాదు, లోకమునకును గొత్త గాదు. ఇంగ్లండున ఎలీజా ఆక్టన్ అను కవయిత్రి 1845లో వెలువరించిన గ్రంథమున దినుసుల పరిమాణములును కాలమును వేఱుగా గూర్చి చూపెను. 1896లో బోస్టను పాకపాఠశాలకు జెందిన ఫానీ ఫార్మరు, చెంచాను గప్పును అంచుకు సమముగా గీసి కొలుచు పద్ధతిని వ్యాపింపజేసెను. మన ప్రక్కన మదరాసులో 1951లో మీనాక్షి అమ్మాళ్ గారు తమిళమున సమైత్తు పార్ అను పుస్తకమును వెలువరించిరి. వండి చూడుమని దాని యర్థము. ప్రక్కన నత్తగారు లేకున్నను క్రొత్తకోడలు చేయగలుగునట్లు వ్రాసినది గనుకనే అది భాషాంతరములకును వ్యాపించెను. తెలుగున మాలతీ చందూర్ గారి వంటలు పిండివంటలు పలుమార్లు పునర్ముద్రితమైనది. పెండ్లికూతురి పెట్టెలో నా పుస్తకమును బెట్టి పంపిన యిండ్లను నేనెఱుగుదును. వీరందఱును స్త్రీలు, వీరందఱి పుస్తకములమీదను వీరి పేళ్లే యున్నవి.

ఈ మాట యూరక యనలేదు. మా కట్టలోని పత్రములలో సగమునకు పైగా క్రింద "ఫలానావారి భార్య" యనియో "ఫలానావారి యింటివారు" అనియో గలదు. సంచికాసంఘమున నొకరిద్దరు అట్లే యచ్చొత్తుదమనిరి. మర్యాద యనిరి. సోదరులారా, వసతిగృహమునకు వేయి రూపాయలిచ్చిన పురుషుని పేరు పాలరాతిమీద జెక్కుచున్నాము. ఎనుబదియేండ్ల యనుభవమును సంఘమునకు దానమిచ్చిన తల్లి పేరును కాగితముమీదనైన వ్రాయకుండుట యేమి మర్యాద? ఆమె పేరు, పుట్టిన యూరు, మెట్టిన యూరు పత్రము శిరసున నుండవలెను. పుట్టిన యూరు మెట్టిన యూరు నెఱిగిన, ఆ వంటకము ఏ త్రోవ వెంట వచ్చెనో చదువరికి దెలియును. పేరు వలదని యామెయే కోరిన నది వేఱుమాట. ఆమె నడుగవలెను, భర్తను గాదు.

కొన్ని యిండ్లవారు తమ మసాలాపొడి పాళ్లను దెలుపుటకు సమ్మతింపలేదు. కొందఱు పాళ్లిచ్చిరి గాని ఒక్క దినుసు దాచిరి. దాచుట వారి యిష్టము. పత్రమిచ్చి దినుసు దాచుట మాత్రము చదువరిని వంచించుట. వానికి వంటకము చెడును, తన చేయి మంచిది గాదని నమ్మును. అట్టి పత్రములను ప్రచురింపకుండుటయే మేలని నా యభిప్రాయము.

ఇక జేయవలసిన పని. ప్రతి పత్రమును అచ్చునకు ముందు, ఆ వంటకము నెన్నడును జేయని వేఱు జిల్లావారొకరు దానిని మాత్రమే చూచి వండవలెను. వారాగినచోట, ప్రశ్నవేసినచోట, పత్రముమీద గీత గీయవలెను. ఆ గీతలను వ్రాసిన తల్లికి జూపి, ఆమె మాటలతోనే పూరింపవలెను. నావంటి పండితునిచేత గాదు. నా చేతికిచ్చిన "పచ్చివాసన" యను చక్కని మాట "అపక్వగంధము" కాగలదు.

ఈ పనికి రేపే యారంభము. అధ్యక్షులవారి యనుమతితో మూడు పత్రములను, అమీరుపేట వసతిగృహములనుండి వచ్చిన మువ్వురు యువకుల కిచ్చితిమి. ఒకటి పచ్చిపులుసు, ఒకటి ఉలవచారు, ఒకటి ఇంతకుముందు చదివిన పుంటికూర పప్పు. మువ్వురును ఇంతవఱకు వానిని దినిరే గాని చేసి యెఱుగరు. భోజనశాలవారు ఉదయమేడుగంటలకు మూడు పొయ్యిలు సిద్ధపఱచెదమని మాటయిచ్చిరి. పత్రములు వ్రాసిన తల్లులకు పొయ్యిల యెదుట గుర్చీలు వేయబడును. వారు గూర్చుండి చూడవచ్చును, నోరు మాత్రము విప్పరాదు. యువకులాగినచోట గీత గీయుటకు నేను పెన్సిలు పట్టుకొని నిలుచుందును. పదునొకండు గంటలకు రుచి చూచుటకు సభ్యులందఱును రావలసినదని ఆహ్వానసంఘము పక్షమున గోరుచు, నా మనవి నింతతో విరమించుచున్నాను.